పాత పియానోలోని యినుప చట్రము: దాని శుద్ధియు, మరమ్మతును

ఇత్తడి బిందెను చింతపండుతో తోముట, వెండి కుందిని విభూతితో మెఱుగుపెట్టుట, ఇనుప మూకుడునకు తుప్పు పట్టకుండ నూనె రాచి యుంచుట మన యిండ్లలో ఆడుపిల్లలకు చిన్ననాటనే యలవడు విద్యలు. ఏ లోహమున కేది పథ్యమో మన చేతులకే తెలియును. కాని యీ నేర్పే యొక వస్తువు విషయమున మనకు పగయగును. ఆ వస్తువు పాత పియానోలోని యినుప చట్రము. చింతపండు, నూనె, నీరోడు తడిగుడ్డ, ఈ మూడును దానికి హాని చేయునవే. కావున నట్టి వాద్యము ఇంట గల సోదరీమణులకును, కొనదలచిన వారికిని ఉపయోగపడునని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

పియానో మన దేశమున బుట్టిన వాద్యము కాదు. ఐరోపానుండి యోడలమీద వచ్చి, మిషను పాఠశాలలలోను, చర్చీలలోను, కొన్ని జమీందారీ భవనములలోను చేరినది. ఆ యిండ్లు చేతులు మాఱినపుడు సామానుతోబాటు పియానోలును అమ్మకమునకు వచ్చుట కలదు. పిల్లలకు పాశ్చాత్యసంగీతము నేర్పింపగోరియు, క్రొత్తదాని వెల భరింపలేని గృహస్థులు పాతదానిని కొనుట సహజము. ఇంటికి దెచ్చి మూత యెత్తి చూడగా, బంగారు వన్నె మాసి, దుమ్ము పేరుకొని, అక్కడక్కడ తుప్పు మొలచిన పెద్ద లోహపు చట్రము కనబడును. చూచిన వెంటనే గృహిణి చేయి గుడ్డకై వెదకును. ఆ చేతి నొక క్షణ మాపి, ఆ చట్రము చేయుచున్న పని యెట్టిదో ముందుగా తెలిసికొనవలెను.

వీణ నెఱిగిన వారి కీ సంగతి సులభముగా బోధపడును. వీణకు తంత్రులు ఏడు. వాని లాగుడును పనసకఱ్ఱ దండి భరించును. నేటి పియానోకు మెట్లు 88. మంద్రస్థాయిలో మెట్టునకు ఒకటి రెండు తీగలును, పైస్థాయిలలో మూడేసియు నుండుటచే మొత్తము తీగలు సుమారు 230. ఒక్కొక్క తీగ 70 మొదలు 90 కిలోల బరువు వ్రేలాడదీసినంత బిగువుతో లాగబడి యుండును. అన్నిటి లాగుడును కూడినచో 16 మొదలు 20 టన్నుల వఱకు నగును. నాలుగైదు ఏనుగుల బరువన్నమాట. వాద్యమును వాయించినను, వాయింపక మూలనుంచినను, రాత్రింబవళ్లు ఆ లాగుడు తప్పదు. తీగల యొక కొన ఉక్కు బిరడాలకు చుట్టబడి యుండును. ఆ బిరడాలు చట్రము వెనుకనున్న దళసరి గట్టికఱ్ఱలో దిగగొట్టబడి యుండును. రెండవ కొన చట్రముమీదనున్న చిన్న యినుప మేకులకు తగిలింపబడును. నడుమ తీగలు ఒక కఱ్ఱ గుఱ్ఱముమీదుగా సాగి, తమ కంపమును క్రిందనున్న పలుచని నాదఫలకమున కందించును. మనము వినునది యా ఫలకపు ధ్వని. దానిని తీగల బిగువు నలిపివేయకుండ కాచునది యినుప చట్రము.

ఇది మొదటినుండియు నిట్లుండలేదు. ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమునందు 1700 ప్రాంతమున బార్తొలొమియో క్రిస్టోఫరి యను శిల్పి పియానోను కల్పించెను. ఆయన 1720లో చేసిన పియానో యొకటి నేటికిని న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియములో నున్నది. అందలి చట్రము కఱ్ఱది. తరువాత సభామందిరములు పెద్దవైనవి. ధ్వని పెద్దది కావలసి వచ్చెను. ధ్వని పెరుగుటకు తీగలు లావు కావలెను, బిగువు హెచ్చవలెను. బిగువు హెచ్చిన కొలది కఱ్ఱ వంగుటయు, శ్రుతి నిలువకపోవుటయు తటస్థించెను. తొలుత కఱ్ఱకు తోడుగా నినుప కమ్ములు చేర్చిరి. 1825లో అమెరికాలోని బోస్టను నగరమున ఆల్ఫియస్ బాబ్‌కాక్ అను నతడు చట్రము నంతటిని ఒక్క పోతగా నినుముతో చేయు పద్ధతికి పేటెంటు పొందెను. అదే నగరమునందలి జోనస్ చికరింగు దానిని మెఱుగుపఱచి, 1843లో గ్రాండు పియానోకును అట్టి చట్రమును కుదిర్చెను. 1859లో న్యూయార్కు నందలి స్టైన్‌వే వారు మంద్రస్థాయి తీగలను తక్కినవానిమీదుగా ఏటవాలుగా పఱచు పద్ధతిని గ్రాండు పియానోలో పెట్టి పేటెంటు గొనిరి. ఇంత బిగువును తాళగలిగినది పోత యినుము మాత్రమే.

క్షీరసాగరమథన కథలో మందరపర్వతము కనబడును, వాసుకి కనబడును, ఇరుప్రక్కల లాగు దేవదానవులు కనబడుదురు. అడుగున వీపు నొగ్గిన కూర్మము మాత్రము నీట మునిగి యుండును. పియానోలో నీ చట్ర మట్టి కూర్మము. మన మొక గుడ్డ పట్టుకొని సమీపించునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

పోత యినుము స్వభావము వంటయింట నున్నవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. రేకు మూకుడు చేజారిన సొట్ట పడును. పోత పెనము చేజారిన పగులును. కరగించిన యినుమును ఇసుక అచ్చులో పోసి చల్లార్చినపుడు, అందు బొగ్గుపాలు నూటికి రెండు మూడు వంతులకు మించి యుండుటచే, ఆ లోహము నొక్కుడునకు మిక్కిలి గట్టిదియు, దెబ్బకు పెళుసును అగును. పెద్ద గ్రాండు పియానోలోని చట్రము 150 కిలోల తూకమునకు వచ్చును. అయినను సుత్తిదెబ్బ యొకటి, తప్పుగా బిగించిన మర యొకటి దానిని చీల్చుటకు చాలును. పగిలిన చట్రమును అతుకుట కడు కష్టము. అతికినను నమ్మకము తక్కువ. తఱచుగా నా పగులుతోనే యా వాద్యపు ఆయువు తీఱును.

ఇక దాని బంగారు వన్నె సంగతి. అది బంగారము కాదు, మెఱుగుపెట్టిన ఇత్తడియు కాదు. రాగియు తుత్తునాగమును కలిసిన లోహమును మెత్తని పొడిచేసి, వార్నీషులో కలిపి, చట్రముమీద పూయుదురు. దానిపైని మఱియొక తేటవార్నీషు పూత యుండును. ఏండ్లు గడచిన కొలది ఆ పొడిలోని రాగి గాలికి నల్లబడును. పైవార్నీషు పసుపుపచ్చనగును. కావున మనకు కనబడు మాసిన రంగులో కొంత దుమ్మును, కొంత వయస్సును కలదు. దుమ్మును తుడువవచ్చును. వయస్సును తుడువ బోయినచో పూతయే యూడివచ్చి, క్రింది బూడిదవన్నె యినుము బయటపడును. చింతపండు పులుసునకు ఆ పొడి రంగు మాఱి, యినుము తుప్పు పట్టును. స్పిరిటుతో తుడిచినచో లక్కవార్నీషు కరగి గుడ్డకు అంటుకొనును. ముగ్గుపిండి, బూడిద, ఇసుక మొదలగు గరుకు వస్తువులు పూతను గీరివేయును.

మఱి గృహిణి స్వయముగా చేయదగిన దేమి? ఉన్నది, అది తక్కువయు కాదు. వానలేని పొడి దినము నెన్నుకొనవలెను. మూత యెత్తి, నిలువు పియానో యైనచో ముందరి పై పలకను జాగ్రత్తగా తీసి ప్రక్కనుంచవలెను. ఆ పలక ఎట్లు వచ్చునో శ్రుతి చేయువారు వచ్చినపుడు ఒకసారి చూచి నేర్చుకొనుట మేలు. పిదప మెత్తని వెండ్రుకల కుంచెతో పైనుండి క్రిందికి, తీగల వెంబడిగా దుమ్మును మెల్లగా కదలింపవలెను. కదలిన దుమ్మును వెంటనే పీల్చుటకు వాక్యూం క్లీనరు గొట్టమును దగ్గఱ నుంచవలెను, కాని తగిలింపరాదు. గొట్టపు మూతికి పలుచని మల్లుగుడ్డ కట్టినచో, ఊడియున్న చిన్న మర యేదైనను యంత్రములోనికి పోక గుడ్డకే యంటుకొని మనకు దక్కును. సుత్తులను, తీగల నాపు ఉన్నిమెత్తలను ముట్టరాదు. తీగల క్రింద నాదఫలకముమీద చేరిన దుమ్మును తీయుట పనివాని వంతు. అందుకు వారియొద్ద సన్నని పొడవైన ఉక్కుబద్ద యుండును.

దుమ్ము పోయిన తరువాత చట్రముపై తీగలు లేని వెడల్పు చోటులను తుడువవచ్చును. గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బునీరు ఒక బొట్టు కలిపి, నూలుగుడ్డను ముంచి, చేతికి తడి తెలియనంతగా పిండవలెను. ముందుగా కనబడని మూల నొక బొటనవ్రేలంత చోట రుద్ది చూడవలెను. గుడ్డ నల్లనైనచో అది మురికి, సాగింపవచ్చును. గుడ్డకు బంగారు వన్నె యంటినచో అది పూత, అక్కడితో విడువవలెను. తుడిచిన చోటును వెంటనే పొడిగుడ్డతో నద్దవలెను. బిరడాలకును తీగలకును ఆ తడిగుడ్డ సోకరాదు. వ్రేళ్ల చెమటయే తీగకు తుప్పు తెచ్చును. తుప్పు పోగొట్టుదమని నూనె రాచుట మఱింత ప్రమాదము. నూనె బిరడాల వెంబడి కఱ్ఱలోనికి దిగినచో బిరడా పట్టు సడలి, ఎంత త్రిప్పినను శ్రుతి నిలువదు. బాగుగా తుప్పుపట్టిన తీగను గీకినచో తెగి మొగమునకు కొట్టవచ్చును. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

మా వారు పనిచేయు పాఠశాలలో పాతకాలపు నిలువు పియానో యొకటి కలదు. వార్షికోత్సవము ముందు బల్లలకు రంగు వేయుటకు వచ్చిన పనివాడు దానిని గూడ చూచి, తీగలు విప్పకయే సన్నకుంచెతో చట్రమునకు బంగారు రంగు పూసి, ఒక్క పూటలో క్రొత్తదానివలె చేసి యిత్తునని చెప్పెను. అడిగిన కూలి స్వల్పము. పలువురు సంతోషించిరి. శ్రుతి చేయు పెద్దాయన వచ్చువఱకు ఆగుడని నేను మా వారితో నంటిని. ఆయన వచ్చి చూచి, తీగపై నొక రంగుబొట్టు పడినను దాని నాదము మందగించుననియు, బిరడాలచుట్టు రంగు చేరి గట్టిపడినచో శ్రుతి చేయుట కష్టమగుననియు, ఉన్నిమెత్తలు తడిసి బిగిసిపోవుననియు విప్పి చెప్పెను. పిదప రెండుగంటలు కూర్చుండి కుంచెతోను ఉక్కుబద్దతోను దుమ్ము తీసెను. లోపలినుండి విఱిగిన బలపములు, రెండు జడపిన్నులు, ఒక గుండీ బయటపడినవి. చిరకాలమునుండి యొక మెట్టు నొక్కినపుడు వినబడుచుండిన జుమ్మను చప్పుడు వానితోనే పోయినది. చట్రపు వన్నె మాత్రము మునుపటివలెనే మాసియున్నది. దాని వలన పిల్లల పాటకు కొఱత యేమియు రాలేదు.

అట్లని క్రొత్త పూత యెన్నడును వేయరాదని కాదు. తీగలన్నియు తుప్పుపట్టి మార్చవలసి వచ్చినపుడు, నాదఫలకము పగిలినపుడు, బిరడాల కఱ్ఱ చెడినపుడు ఎట్లును వాద్యమును విప్పవలసియే యుండును. చట్రమునకు రంగు వేయుటకు తగిన సమయ మదియే. ఆ పని పియానో పని తెలిసిన మేస్త్రి చేయవలసినది. అయినను దాని క్రమము తెలిసినచో మనము దగ్గఱనుండి యడిగి చేయించుకొనగలము.

మొదట చట్రమునకు అన్ని ప్రక్కల ఫోటోలు తీసి యుంచవలెను. ప్రతి తీగ లావును కొలిచి వ్రాసికొనవలెను. నాదఫలకమునకును చట్రమునకును నడుమ నెంత యెత్తు కలదో గుర్తింపవలెను. తీగల బిగువును ఒక ప్రక్కనుండి పూర్తిగా సడలించుచు పోరాదు. అన్ని భాగములయందును కొంచెము కొంచెముగా, పలు విడతలుగా సడలింపవలెను. లేకున్న భార మొకవైపునకే పడి చట్రము పగులవచ్చును. తరువాత తీగలు, బిరడాలు తీసి, ప్రతి మరకును దాని చోటు తెలియునట్లు చీటీ కట్టి, గొలుసుకప్పితో చట్రమును సరిగా పైకి లేపుదురు. బయట వెలుతురులో పగుళ్లున్నవేమో చూచుట ముఖ్యము. పగులు కనబడినచో ఖర్చు పెట్టుటకు ముందే ఆగి యాలోచింపవలెను.

పిదప జిడ్డు కడిగి, ఊడు రంగును తుప్పును తీసి, ప్రైమరు పూసి, గుంటలకు లప్పము పెట్టి, ఉప్పుకాగితముతో నునుపు చేయుదురు. పాతకాలపు రంగులలో సీసము కలిసి యుండవచ్చును గావున పొడిగా గీకి దుమ్ము లేపరాదు. పనివారు ముక్కునకు ముసుగు ధరింపవలెను. ఈ పని యింటి వరండాలో, పసిపిల్లలు తిరుగుచోట జరుగరాదు. బంగారు రంగును కుంచెతో కాక గాలితో చిమ్ము గొట్టముతో పలుచని పూతలుగా వేయుదురు. తీగలు చట్రము నానుచోటులను, ఇత్తడి కన్నములను ముందే కప్పియుంచి, రంగు పడకుండ చూడవలెను. చట్రముమీద ఉబ్బెత్తుగా పోతపోసిన అక్షరములను సన్నకుంచెతో నలుపు చేసి, ఆపై తేటవార్నీషు పూసి, చక్కగా నాఱనీయవలెను. తయారు చేసినవారి పేరును, సంఖ్యయును చట్రముమీద రంగుతో వ్రాసి యున్నచో, వానిని చెఱిపివేయుటకు ముందు నకలు తీసికొనవలెను. ఆ సంఖ్యను బట్టియే వాద్యము ఏ సంవత్సరమున తయారైనదో సాధారణముగా తెలియును. అది పోయిన దాని జాతకము పోయినట్లే.

చట్రమును మరల దించునపుడు మునుపటి యెత్తునకే సరిగా చేర్పవలెను. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే తీగలు గుఱ్ఱముమీద మోపు నొక్కుడు మాఱి, నాదము బలహీనమగుటయో, బిగిసికొనిపోవుటయో సంభవించును. క్రొత్త తీగలు కొంతకాలము సాగుచుండును గావున మొదటి యేడాది పలుమార్లు శ్రుతి చేయింపవలసి యుండును. ఆ వ్యయమును గూడ ముందే లెక్కలో చేర్చుకొనవలెను. మేస్త్రితో బేరమాడునపుడు మూడు ప్రశ్న లడుగుడు. తీగలు విప్పి రంగు వేయుదువా, విప్పకయా? చట్రపు టెత్తును దేనితో కొలిచి యుంచుదువు? శ్రుతి యెన్నిమార్లు చేసి యిత్తువు? మొదటి ప్రశ్నకు విప్పనక్కఱలేదని చెప్పినవానికి నమస్కరించి పంపివేయుడు.

రంగు వేయించుటకంటె తుప్పు రాకుండ చూచుకొనుట సులభము. మన కోస్తా జిల్లాలలో వానకాలమున గాలిలో తేమ మెండు. పియానోకు నూటికి 40 మొదలు 50 పాళ్ల తేమ హితమని నిపుణు లందురు. అంత తగ్గించుట మన యిండ్లలో సాధ్యము కాకపోవచ్చును గాని, తేమ యొక్కసారిగా హెచ్చుటయు తగ్గుటయు లేకుండ చూడవచ్చును. వాన తడియు బయటి గోడకు ఆనించి యుంచరాదు. కిటికీ యెండలోను, చల్లని గాలి విసరు యంత్రమున కెదురుగాను ఉంచరాదు. మూతమీద పూలకుండీ, మంచినీళ్ల చెంబు, కాఫీగ్లాసు పెట్టరాదు. ఒలికిన నీరు చట్రముమీదుగా బిరడాలలోనికి దిగును. వాయించుట ముగిసిన వెంటనే మూత వేయవలెను. ఇంత చేసినచో సంవత్సరమునకు ఒకటి రెండు మార్లు దులిపిన చాలును.

ఇంటిలోని ప్రతి వస్తువును తళతళలాడునట్లు చేయవలెనని మన కుండు పట్టుదల మంచిదే. కాని కొన్ని వస్తువులు మెఱయుటకు గాక మోయుటకు పుట్టినవి. వాని మెఱుగు తగ్గినదా యని చూచుటకు ముందు, వాని బలము తగ్గలేదు గదా యని చూడవలెను. బలము తగ్గనిచో దుమ్ము దులిపి, తడి సోకకుండ కాచి, పిల్లను పిలిచి పాఠము వాయింపు మనుడు. శ్రుతి తప్పని స్వరము వినబడినంతకాలము, వన్నె మాసినను ఆ చట్రము తన పని తాను చేయుచున్నట్లే.